బకెట్లలో పూత

అత్తగారు వ్యాన్ దిగి, సంచి కూడా అందుకోకుండా ఆపిల్ తోట వైపు తిరిగి నిలబడింది. అలా నిలబడాలనే అతను ఆవిణ్ని స్టేషన్ నుంచి వెనకదారిన తీసుకొచ్చాడు. వాలు మొత్తం మొగ్గ మీద ఉంది. ఎండ తగిలే పక్కన అక్కడక్కడా మొగ్గ విచ్చి, గులాబీరంగులోంచి తెలుపు తొంగిచూస్తోంది.

మామగారు పోయి తోట చేతికొచ్చాక అతనికిది రెండో పూత. అంతకుముందు బస్సు డిపోలో మెకానిక్. చుట్టుపక్కల వాళ్ళకి ఇప్పటికీ మెకానిక్కే. నిరుడు కాపు విరగబడి వచ్చింది. అది తాను కొట్టిన మందుల చలవేనని నలుగురి ముందూ చెప్పుకున్నాడు. నలుగురూ తలూపారు.

“ఎలా ఉంది అత్తయ్యా?”

ఆవిడ పూత వైపు చూడటం లేదు. షెడ్డు వైపు చూస్తోంది. షెడ్డు పక్కన ఖాళీ జాగా, అందులో నేలబారున ఒక మొద్దు.

“పుల్లది ఏదీ?”

“ఏ పుల్లది?”

“షెడ్డు పక్కది. ముళ్ళది.”

“ఓ, అదా! చలికాలంలో కొట్టేశా. వ్యాన్ వెనక్కి తీసినప్పుడల్లా గీతలు. వేళ్ళు షెడ్డు గచ్చుని పైకి లేపేస్తున్నాయి. కాయలు చూస్తే గోళీలంత, నోట్లో పెడితే పళ్ళు పులిసిపోతాయి. పొయ్యిలోకి మాత్రం బ్రహ్మాండంగా...”

ఆవిడ ముఖం చూసి ఆపేశాడు.

“మంచి పని చేశారు అల్లుడుగారూ,” అంది ఆవిడ.

అత్తగారికి మనసు బాగుంటే ‘బాబూ, నువ్వు’. కోపమొస్తే ‘అల్లుడుగారూ, మీరు’. ఎంత కోపమైతే అంత మర్యాద. పెద్దకూతురి కాన్పుకని వెళ్ళి చలికాలమంతా అక్కడే ఉండిపోయిన మనిషి, ఇంటి గడప ఎక్కకముందే మర్యాద మొదలుపెట్టింది.

వంటింట్లో టీ చల్లారిపోతూ ఉండగా సంగతి బయటపడింది. ఆపిల్ చెట్టు తన పూత పొడితో తాను కాయదు. అవే రోజుల్లో పూసే వేరే జాతి చెట్టు దగ్గర్లో ఉండాలి. దాని పొడిని తేనెటీగలు ఒంటికి పూసుకొచ్చి దీనికి అంటించాలి. తోటలో ముప్పాతిక వంతు మొండిఘటమే. మొండిఘటం అంటే ఆ ఇంట్లో ఆ జాతికి పెట్టుకున్న పేరు. అది పూయడం ఆలస్యం, పండటం ఆలస్యం, కోసిన రోజున రాయి. గడ్డిలో పెట్టి చలికాలం దాటిస్తే గానీ పసుపు తిరిగి నోటికి లొంగదు. దాని పూత పొడికి ఎలాగూ సత్తువ లేదు, ఇంకో జాతిక్కూడా పనికిరాదు. చుట్టుపక్కల చూస్తే అన్నీ క్యాబేజీ మళ్ళు. ఇన్నేళ్ళూ ఆ వాలు మొత్తాన్ని పిందె పట్టించింది షెడ్డు పక్కనున్న ముళ్ళచెట్టు ఒక్కటే.

“మీ మామగారు దాన్ని పెళ్ళికొడుకు అనేవారు,” అంది అత్తగారు. “ఇంతమంది పెళ్ళికూతుళ్ళకి ఆ ఒక్కడే. మీరు రంపం పెట్టి కోసి, పొయ్యిలో పెట్టి, చలి కాచుకున్నారు.”

“నాకెవరు చెప్పారు అత్తయ్యా?”

“ఇది ఈ ఇంట్లో పుట్టింది కదా, ఇది చెప్పలేదా?”

అతని భార్య గిన్నె తోముతూ వెనక్కి తిరగలేదు. “నాకు మాత్రం ఎవరు చెప్పారమ్మా? అది జామ్ కోసం పెంచుతున్నారనుకున్నా. ఆరేసిన బట్టలన్నీ చింపుతుంటే కొట్టెయ్యమని చెప్పిందే నేను.”

“బాగుంది. మొగుడూ పెళ్ళాల మధ్య ఈ ఒక్క విషయంలోనే మాట కుదిరినట్టుంది.”

ఇంట్లో అందరికీ తెలుసనుకున్న సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. ఆయన చెప్పి ఉంటాడని ఆవిడ, ఆవిడ చెప్పి ఉంటుందని ఆయన.

అతను కూర్చోలేకపోయాడు. బయటికి వచ్చి కాలుగాలిన పిల్లిలా తోటంతా తిరిగాడు. ఇంజను మొరాయిస్తే మూత తెరిచి చూడొచ్చు. తప్పెక్కడుందో అది దగ్గుతూనో, పొగ వదులుతూనో చెబుతుంది. ఈ చెట్లు మాత్రం నిండుగా పూసి నవ్వుతూ నిలబడతాయి. కాయడం లేదన్న సంగతి అంతా అయిపోయాక తెలుస్తుంది.

మిగతా జాతులు లేకపోలేదు. గుమ్మం ముందు ‘మూడునాళ్ళ ముచ్చట’ ఉంది. అన్నిటికంటే ముందు పండుతుంది. చెట్టు కింద నిలబడి తింటే తేనె, రెండో రోజుకి అటుకులు, మూడో రోజుకి పిండి. పూతలోనూ దానికదే తొందర, రేకలు ఎప్పుడో రాలి నేల మీద గోధుమరంగుకి తిరిగాయి. దాని పక్క వరుస ‘సింగారి’. బజారులో ఎవరి చెయ్యైనా మొదట దాని మీదే పడుతుంది, అంత ఎరుపు, అంత నిగనిగ. కొరికితే తడిపిన దూది. మచ్చ తెగులు మొదట తగిలేది దానికే, పిచికారీ మందులో సగం అదే తాగుతుంది. దాని పూతా అయిపోయింది. ఇక గోడవారన ‘గరుకుతోలు’ ఒక్కటి. పైన ఉప్పుకాగితం, లోపల వేయించిన గింజల రుచి. బంగాళాదుంప అనుకుని ఎవరూ ముట్టుకోరు, అత్తగారు మాత్రం తొక్కతో సహా తింటుంది. పూస్తే అది మొండిఘటంతో పాటే పూస్తుంది. కానీ దానికి ఒక ఏడు కాపు, ఒక ఏడు విశ్రాంతి. నిరుడు కొమ్మలు వంగేలా కాసింది. ఈ ఏడు చెట్టంతా ఆకే.

“పని మీదపడిన రోజే నీకు సెలవు కావాలి,” అన్నాడు చెట్టుతో. డిపోలో ఇలాంటి డ్రైవర్లు ఉండేవారు.

అత్తగారు వెనకాలే వచ్చి నిలబడింది. కోపం తగ్గలేదు గానీ తోట ఆవిడది కూడా.

“ఒక ఏడు మంచు పడి పుల్లదాని మొగ్గ మాడిపోయింది,” అంది ఎటో చూస్తూ. “అప్పుడు మీ మామగారు రోడ్డు పక్కనున్న అడవి ఆపిల్ కొమ్మలు పూతతో సహా కోసుకొచ్చారు. నీళ్ళ బకెట్లలో పెట్టి చెట్ల మధ్య వేలాడదీశారు. ఈగలకి చెట్టైతేనేం, బకెట్టైతేనేం?”

“ఆ చెట్టెక్కడ?”

“రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది.”

అతను మొద్దు మీద కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఎక్కడ చూశాను, ఎక్కడ చూశాను అని ఒకటే గోల బుర్రలో. చూసిన గుర్తు లేదు గానీ చప్పుడొకటి వినిపించింది. టక్. టక్. రేకు మీద రాళ్ళు పడ్డట్టు. డిపోలో బస్సులు కడిగే చోట, గోడ పక్కన ఒక చెట్టు. ఎండలు తగ్గగానే గోళీల్లాంటి కాయలు బస్సుల టాపు మీద రాలేవి. డ్రైవర్లు వాటిని ఏరి ఒకళ్ళనొకళ్ళు కొట్టుకునేవారు. అది ఏం చెట్టో అప్పుడు అతనికి పట్టలేదు. ఏడాదికి పైగా పుల్లదాని పక్కన బతికాక ఇప్పుడు ఆకు, ముల్లు, కాయ అన్నీ కళ్ళకి కట్టాయి.

కట్టిన వెంటనే నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. ఆ గేటు మళ్ళీ తొక్కనని ఒట్టేసి వచ్చాడు.

తోటకి వచ్చేసే ముందు అతను మామగారి తోటలోంచి ఒక పెట్టె నిండా కాయలు డిపోకి పట్టుకెళ్ళాడు. ఇకనుంచి నేనూ తోటగాణ్నే అన్న గొప్ప కొంత. తీరా అవి మొండిఘటాలు, అంతకు ముందురోజే కోసినవి. వాటిని చలికాలం చివరిదాకా తినకూడదని అతనికే తెలియదు. అందరూ కొరికారు, అందరూ ఉమ్మారు. ఫోర్‌మన్ మాత్రం ఉమ్మలేదు. ఆయన గొంతుని బట్టి డిపోలో ఆయనకి హారన్ అని పేరు. ఒక కాయ తీసుకుని, వాలు మీద నిలబెట్టిన బస్సు ముందు చక్రం కింద దూర్చి, హ్యాండ్‌బ్రేక్ వదిలేశాడు. బస్సు కదల్లేదు. డిపో అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అతను స్పానర్ కింద పారేసి, “ఈ గేటు మళ్ళీ తొక్కితే నన్ను చెప్పుతో కొట్టండి!” అని అరిచి వచ్చేశాడు.

డిపో చెట్టు సంగతి వినగానే, “వెళ్తారా?” అంది భార్య, అతని ముఖం చూసి.

“గాలి మారుతోంది, పూత ఆగదు,” అన్నాడు అతను. వ్యాన్ తాళాలు అప్పటికే చేతిలో ఉన్నాయి.

కొండ దిగుతున్నకొద్దీ గుబులు పెరిగింది. కింద వెచ్చన. అక్కడ పూత ముందే వస్తుంది, ముందే పోతుంది. దారి పక్క ఇళ్ళలో చెట్లన్నీ ఆకేసి ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితే స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేశాడు. డిపో గేటు దగ్గర బ్రేక్ వేయకుండా లోపలికి పోనిచ్చాడు. ఆగితే వెనక్కి తిరుగుతానేమోనని భయం.

చెట్టు ఉంది. ఎండ వైపు కొమ్మల మీద పూతంతా రాలిపోయింది. సబ్బునీళ్ళ కాలవలో రేకలు తేలుతున్నాయి. అతను అక్కడే నిలబడిపోయాడు.

“ఏరా స్పానరూ!”

డిపోలో ఆ గొంతు రెండోది లేదు. ఫోర్‌మన్ రెండు చేతులూ గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు.

“గేటు తొక్కితే చెప్పుతో కొట్టమన్నావు. ఇవాళ బూట్లు వేసుకొచ్చానే, ఎలా మరి?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతనికి నవ్వడానికీ, కోపం తెచ్చుకోవడానికీ కూడా తీరిక లేదు.

“రేపు కొట్టు బాస్. ఇవాళ నాకు ఆ చెట్టు కొమ్మలు కావాలి.”

“ఎందుకు?”

“తోటలో పెళ్ళికూతుళ్ళున్నారు. పెళ్ళికొడుకుని నేనే నరికేశాను.”

ఫోర్‌మన్ అతన్ని ఎగాదిగా చూశాడు. ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు అతని నుదుటి దాకా చెయ్యి తీసుకెళ్ళి దించేశాడు. అతను చెప్పిందంతా విన్నాడు. తర్వాత చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు, టైరు చూసినట్టు.

“ఇటు రా. ఈ పక్కకి ఎండ రాదు. గోడ నీడ, పైగా రోజంతా బస్సులు అడ్డం.”

గోడకీ చెట్టుకీ మధ్య సందులో కొమ్మల నిండా మొగ్గలున్నాయి. కొన్ని అప్పుడే విచ్చాయి, కొన్ని బుడగల్లా ఉబ్బి విచ్చడానికి సిద్ధంగా ఉన్నాయి. అతను రంపం తీశాడు. ఫోర్‌మన్ కింద నుంచి కొమ్మలు అందుకుంటూ, గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించగలడని అతనికి అప్పుడే తెలిసింది.

“అది సరే. ఆ రోజు తెచ్చావే, అవేం కాయల్రా?”

“చక్రం కింద పెట్టే కాయలు.”

“అబ్బ, ఇంకా మండుతూనే ఉందిరా నీకు. విను. ఆ పెట్టె నేను విడిభాగాల గదిలో పడేసి మర్చిపోయాను. చలికాలం అయిపోయే ముందు గది తలుపు తీస్తే ఏదో వాసన. ఎవడో అత్తరు ఒలకబోశాడనుకున్నా. చూస్తే పసుపురంగుకి తిరిగి కూర్చున్నాయి. ఒకటి కొరికాను. ఇంకోటి కొరికాను.” ఫోర్‌మన్ వెనక్కి చూసుకున్నాడు. “తాళం నా దగ్గరే ఉంటుంది కదా. ఎవడికీ చెప్పలేదు.”

“పెట్టె మొత్తమా?”

“కొరికి ఉమ్మినవి పోగా ఒకటి తక్కువ. అది చక్రం కింద పోయింది.”

“మరి ఫోన్ చెయ్యలేదేం?”

“ఏమని చెయ్యను? కాయ బాగుందిరా అని నేను నీకు ఫోన్ చెయ్యాలా? తెచ్చినవాడివి, ఎప్పుడు తినాలో నువ్వు చెప్పొద్దూ?”

“నాకూ తెలియదు అప్పుడు.”

“ఇద్దరం ఇద్దరమే,” అన్నాడు ఫోర్‌మన్. వెంటనే పాత గొంతుతో, “ఒరేయ్, ఆ గేటు దగ్గర బస్సు తియ్యండిరా! వీడి పెళ్ళికొడుకు వాడిపోతున్నాడు!” అని డిపో అదిరేలా అరిచాడు. ఖాళీ ఆయిల్ డబ్బాలు కూడా వ్యాన్‌లో పడేయించాడు, బకెట్లు చాలవని.

అతను జన్మలో అంత మెల్లగా ఎప్పుడూ బండి నడపలేదు. అద్దాలన్నీ మూసి, కొమ్మల మీద తడిగోనెలు కప్పి, గుంత వస్తే ఊపిరి బిగబట్టాడు. వెనకవాళ్ళు హారన్ కొడుతుంటే ఈసారి కోపం రాలేదు.

ఇంటికి చేరేసరికి అత్తగారు షెడ్డు ముందే ఉంది. డబ్బా ఒకటి ఎత్తి వాసన చూసి కింద పెట్టింది.

“ఈగలకి డీజిల్ పోసి పంపిస్తారా అల్లుడుగారూ?”

డబ్బాలు సబ్బుతో రుద్ది, మళ్ళీ రుద్ది, నీళ్ళు నింపి చెట్ల మధ్య వేలాడదీశారు. ముగ్గురూ వాలు ఎక్కి దిగారు. కొమ్మలు కింది వరుసల్లో పుష్కలంగా సరిపోయాయి. పై వరుసలకి వచ్చేసరికి అడుగుబొడుగు కొమ్మలే మిగిలాయి.

తెల్లారేసరికి మొండిఘటం పూర్తిగా విచ్చింది. గాలి కూడా మారింది. మబ్బు పట్టి, చల్లగా, ఆగకుండా వీస్తోంది. కంచె పక్కన తేనెపెట్టెల దగ్గర ఈగలు గుమ్మంలోకి వచ్చి, చూసి, లోపలికి పోతున్నాయి. అతను పెట్టెల ముందు బస్సు కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. ఇంజను స్టార్ట్ కాకపోతే తోసేవాళ్ళు. ఈగని ఎలా తోస్తారు?

ఇంట్లోకి వెళ్ళాడు, గడ్డం గీసుకునే బ్రష్షు పట్టుకొచ్చాడు. బకెట్‌లోని పువ్వు మీద తిప్పి, మొండిఘటం పువ్వు మీద అద్దడం మొదలుపెట్టాడు. ఇందులో, అందులో. ఇందులో, అందులో. చెయ్యి అందిన కొమ్మ ఒకటి పూర్తయ్యేసరికి నడుం పట్టేసింది. తలెత్తి చూస్తే వాలు వాలంతా తెల్లగా, అంతులేకుండా ఉంది.

“తోటకంతా గడ్డం గీస్తారా?” అంది భార్య కిటికీలోంచి.

అతను ఇంకో కొమ్మ అందుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కాక మబ్బు చీలింది. ఎండ పెట్టెల మీద పడిన కాసేపటికి రొద మొదలైంది. ముందు సన్నగా, తర్వాత దూరంగా బస్సు ఎత్తు ఎక్కుతున్నట్టు. ఈగలు బకెట్ల మీద వాలుతున్నాయి, లేస్తున్నాయి, పక్క చెట్టు మీద వాలుతున్నాయి. అతను ఒక ఈగ వెంట పడి చూశాడు. అది బకెట్ నుంచి చెట్టుకి, చెట్టు నుంచి చెట్టుకి, చివరికి కంచె దాటి క్యాబేజీ మళ్ళ పక్కనున్న పిచ్చిపూల మీదికి పోయింది. “అటెందుకే!” అని అరిచాడు.

సాయంత్రానికి మళ్ళీ మబ్బేసింది. ఆ తర్వాత వాన. వాన వెలిసేసరికి రేకలన్నీ నేల మీద ఉన్నాయి.

అసలు నరకం అప్పుడు మొదలైంది. పట్టని పువ్వు కాడ పసుపు తిరిగి, వేలు తగిలితే ఊడిపోతుంది. పట్టినది పచ్చగా నిలబడి, కాడ చివర మిరియపు గింజంత ఉబ్బుతుంది. తేడా వెంటనే తెలియదు. అతను రోజూ పొద్దున లేస్తూనే వరుసలన్నీ తిరిగి ఒక్కొక్కటీ వేలితో మీటేవాడు.

“మీటకండి,” అనేది అత్తగారు. “ఉండేవాటిని కూడా మీరే ఊడబెరికేలా ఉన్నారు.”

ఇంకా మీరే. అన్నం ముందు కూర్చున్నా అతని చూపు కిటికీలోంచి బయటే. మధ్యలో ఫోర్‌మన్ ఫోన్లు. “కాసిందా?” “ఇంకా తెలీదు.” మర్నాడు మళ్ళీ. “ఏరా, ఇంకా తెలీదా? ఏం చెట్లురా అవి!” తనకంటే తొందరపడే మనిషి ఇంకొకడున్నాడని అతనికి కొంచెం ఊరటగా ఉండేది.

ఒకనాడు పొద్దున అత్తగారే చీర కుచ్చిళ్ళు ఎత్తి కట్టుకుని, పదండి చూద్దాం అని బయల్దేరింది. భార్యా వెంట వచ్చింది. పై వరుసల్లో దాదాపు అంతా ఒట్టి ఆకే. అత్తగారు ఆగకుండా నడిచింది. అతను తల ఎత్తలేదు. మధ్య వరుసల్లో ఒక గుత్తికి ఒకటీ అరా నిలబడ్డాయి. కిందికి, బకెట్లు దట్టంగా కట్టిన చోటికి వచ్చేసరికి ఆవిడ నడక నెమ్మదించింది. ఆకు పక్కకి తప్పించి చూసింది. ఇంకో కొమ్మ చూసింది. బొద్దుగా, నూగుతో పిందెలు.

“సగం తోట దక్కింది,” అంది.

అతను విన్నాడు గానీ నమ్మలేదు. మళ్ళీ అంటుందేమోనని నిలబడ్డాడు. ఆవిడ అప్పటికే ముందుకి వెళ్ళి, చెయ్యి అందే ఎత్తులో ఉన్న ఒక కొమ్మ దగ్గర ఆగిపోయింది.

“ఇదేంటే, ద్రాక్షగుత్తుల్లా? ఒక్క పువ్వు కూడా వదల్లేదు?”

“అది ఈయన గడ్డం బ్రష్షమ్మా,” అంది భార్య.

అత్తగారు కొమ్మని చూసింది, అల్లుడి గడ్డాన్ని చూసింది. ఆ గడ్డం గీసి వారం పైనే అయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, అది చాలక చెట్టుకి ఆనుకుని నవ్వింది.

“సరే గానీ బాబూ,” అంది కళ్ళు తుడుచుకుని, “గుత్తికి ఒకటి ఉంచి మిగతావన్నీ తుంచెయ్యి.”

“ఏమిటీ?”

“తుంచెయ్యి. అన్నీ ఉంచితే అన్నీ గోళీలే అవుతాయి. పైగా చెట్టు అలిసిపోయి వచ్చే ఏడు పూయదు. నువ్వు తుంచకపోతే ఎండలకి ఎలాగూ కొన్ని రాలతాయి, కానీ ఏది రాలాలో అది చూసుకోదు కదా.”

ఆవిడ చూపించింది. మధ్యలో లావుగా ఉన్నదాన్ని వదిలి, చుట్టూ ఉన్నవాటిని గోటితో టప్పున గిల్లింది. నేల మీద పడ్డాయి. తర్వాత పుల్లదాని మొద్దు వైపు వెళ్తూ, “చలికాలంలో మీ డిపో చెట్టు పుల్లలు తెప్పించు, అంటు కడదాం,” అంటూనే ఉంది.

అతను బ్రష్షు పెట్టిన కొమ్మ ముందు నిలబడ్డాడు. ఒక పిందె పట్టుకున్నాడు, వదిలేశాడు. దాని పక్కది పట్టుకున్నాడు. ఏది తుంచాలో, ఏది ఉంచాలో, ఉంచినదానికి రేపు పురుగు పడితే ఏమిటో. చివరికి కళ్ళు చిట్లించి ఒకటి గిల్లాడు. పారేయడానికి చెయ్యి రాలేదు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఫోన్ మోగింది.

“కాసిందా?” అరిచాడు ఫోర్‌మన్. వెనక బస్సుల చప్పుడు.

“కాసింది బాస్. సగం.”

“హమ్మయ్య! ఇప్పుడేం చేస్తున్నావ్?”

“కాసినవి తుంచేస్తున్నా.”

అవతల ఫోర్‌మన్ ఎవరినో బస్సు ఇంజను ఆపమని కసిరాడు.

“ఒరేయ్,” అన్నాడు మళ్ళీ ఫోన్‌లోకి, “మీ అత్తగారికి ఫోన్ ఇవ్వు.”